ఇల్లు మారినా బడి మారనక్కర్లేదు

(టెక్సాస్‌లో ఒక తెలుగు సంఘం తల్లిదండ్రుల కోసం జరిపిన సమావేశంలో, స్కూల్ డిస్ట్రిక్ట్‌లో, అంటే ఒక ప్రాంతపు పబ్లిక్ స్కూళ్లను నడిపే సంస్థలో, కుటుంబ సహాయ విభాగంలో పనిచేసే వక్త చేసిన ప్రసంగం. చివర్లో శ్రోతల ప్రశ్నలు, జవాబులు.)

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం పనులన్నీ పక్కన పెట్టి వచ్చినందుకు కృతజ్ఞతలు.

నేను చెప్పబోయేది ఒక చట్టం గురించి. దాని పేరు మెకిన్నీ-వెంటో చట్టం. ఇల్లు పోగొట్టుకున్న కుటుంబాల పిల్లల చదువు ఆగిపోకుండా చూసే ఫెడరల్ చట్టం ఇది. ఈ మాట వినగానే మనకు కళ్లముందు కనిపించేవి ఫ్లైఓవర్ల కింద టెంట్లు, డౌన్‌టౌన్‌లో షెల్టర్లు. మన పిల్లలకు దీంతో పనేముంది అనిపిస్తుంది. పని ఉంది. అది చెప్పడానికే వచ్చాను.

మనవాళ్ల ఇళ్లల్లో జరుగుతున్నది మీ అందరికీ తెలుసు. హెచ్‌1బి వర్క్ వీసా మీద ఉన్న మనిషికి ఉద్యోగం పోతుంది. ఇంకో ఉద్యోగం చూసుకోవడానికో, దేశం వదలడానికో 60 రోజుల గడువు మొదలవుతుంది. లేదా ప్రాజెక్ట్ అయిపోయి బెంచ్ మీద కూర్చుంటాడు, జీతం ఆగిపోతుంది. దాచుకున్న డబ్బు లాయర్‌కీ, కారు లోన్‌కీ, ఇండియాలో అమ్మానాన్నల మందులకీ పోతుంది. అపార్ట్‌మెంట్ లీజ్ ముగిసేసరికి రెన్యూ చేసే శక్తి ఉండదు. "మా ఇంట్లో పైన గేమ్ రూమ్ ఖాళీగానే ఉంది, వచ్చేయండి" అని పెదనాన్న కొడుకో, కాలేజీ స్నేహితుడో అంటాడు. నలుగురూ ఆ ఒక్క గదిలో పరుపులు పరుచుకుంటారు. ఆ ఇల్లేమో ఇరవై మైళ్ల అవతల, వేరే స్కూల్ డిస్ట్రిక్ట్‌లో.

అప్పుడు పిల్లల స్కూల్ సంగతేమిటి? నేను చూసినంతలో మనవాళ్లు రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తున్నారు. కొందరు పాత అడ్రస్‌నే కొనసాగిస్తారు. ఎవరికీ చెప్పకుండా చీకటితోనే లేచి పిల్లల్ని కారులో దింపి వస్తారు. ఎప్పుడు బయటపడుతుందోనని రోజూ టెన్షన్. మరి కొందరు సంవత్సరం మధ్యలో పిల్లల్ని తీసేసి కొత్త స్కూల్‌కి తీసుకెళ్తారు. అక్కడ లీజ్ కాగితం, కరెంటు బిల్లు అడుగుతారు. అవి లేక పిల్లలు రోజుల తరబడి ఇంట్లోనే కూర్చుంటారు.

ఇందులో మొదటిది ప్రమాదకరం కూడా. టెక్సాస్‌లో అడ్మిషన్ ఫారం మీద తప్పుడు సమాచారం ఇస్తే నేరమని ఆ ఫారంలోనే రాసి ఉంటుంది. ఫీజు కట్టించుకునే అధికారమూ డిస్ట్రిక్ట్‌కి ఉంది. అదే తల్లి స్కూల్‌కి వెళ్లి "మా ఇల్లు పోయింది, చుట్టాలింట్లో ఉంటున్నాం" అని ఉన్నది ఉన్నట్టు చెబితే, ఆ పిల్లవాడు అదే స్కూల్లో కొనసాగడం హక్కు అవుతుంది. మనవాళ్లు దేన్నైతే దాచిపెడుతున్నారో, వాళ్లను కాపాడేది సరిగ్గా అదే. నేనీ రోజు మీకు చెప్పదలచుకున్న అసలు విషయం ఇది.

చట్టం ఎలా వచ్చిందో రెండు మాటల్లో చెబుతాను. 1980లలో అమెరికా నగరాల్లో కుటుంబాలకు కుటుంబాలే షెల్టర్లకు చేరాయి. స్కూల్లో చేరాలంటే అడ్రస్ రుజువు కావాలి. షెల్టర్‌లో ఉన్నవాళ్లకు సొంత అడ్రస్ లేదు. వదిలొచ్చిన ఊళ్లో స్కూల్ వాళ్లు "మీరిప్పుడు మా పరిధిలో లేరు" అంటారు, వచ్చిన ఊళ్లో వాళ్లు "మీరిక్కడ తాత్కాలికం" అంటారు. ఇద్దరూ కాదంటే పిల్లవాడు ఎక్కడికి పోవాలి? 1987లో ఈ చట్టం మీద రీగన్ సంతకం చేశారు. దీనికోసం పాటుపడిన కనెక్టికట్ రిపబ్లికన్ సభ్యుడు స్టూవర్ట్ మెకిన్నీ ఆ సంవత్సరమే చనిపోయారు, ఆయన పేరు పెట్టారు. 2000లో మిన్నెసోటా డెమోక్రాట్ బ్రూస్ వెంటో చనిపోయాక ఆయన పేరూ చేర్చారు. రెండు పార్టీల వాళ్ల పేర్లూ ఉన్న చట్టం ఇది. కాగితం మీద ఉన్నది కాగితం మీదే ఉండిపోతోందని వాషింగ్టన్ డీసీలో కొందరు తల్లులు కోర్టుకెళ్లారు. కుటుంబాలు ఈ హక్కుల కోసం దావా వేయవచ్చని 1994లో అక్కడి ఫెడరల్ అప్పీళ్ల కోర్టు చెప్పింది. 2001లో, 2015లో చట్టాన్ని ఇంకా గట్టిపరిచారు.

ఇప్పుడు ఎవరికి వర్తిస్తుందో చూద్దాం. పిల్లలు రాత్రి పడుకునే చోటు స్థిరంగా ఉండాలి, రోజూ ఉండగలిగేదై ఉండాలి, మనుషులు ఉండటానికి సరిపోయేదై ఉండాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా వర్తించవచ్చు. షెల్టర్లు, కార్లు, పార్కులు సరే. వేరే దారి లేక మోటెల్‌లోనో, వారం లెక్కన అద్దె కట్టే ఎక్స్‌టెండెడ్ స్టే హోటల్‌లోనో ఉన్నవాళ్లు కూడా వస్తారు. ఇల్లు పోయి గానీ, డబ్బు ఇబ్బంది వల్ల గానీ, అలాంటి కారణంతో గానీ ఇంకొకరి ఇంట్లో తలదాచుకున్న కుటుంబాలూ వస్తాయి. మనం గమనించాల్సింది ఈ చివరి వాక్యాన్ని. 2022-23 విద్యా సంవత్సరంలో అమెరికా పబ్లిక్ స్కూళ్లు ఈ చట్టం కింద గుర్తించిన పిల్లలు సుమారు 13.7 లక్షల మంది. వాళ్లలో నూటికి 75 మంది దాకా ఇలా ఇతరుల ఇళ్లలో ఉంటున్నవాళ్లే. టెంట్లలో ఉన్నవాళ్లు చాలా తక్కువ.

మనకు ఇది అర్థం కావడం కష్టం, ఎందుకో నాకు తెలుసు. మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నవాళ్లు, బాబాయి ఇంట్లో ఉండి ఇంటర్ పూర్తి చేసినవాళ్లు ఈ హాల్లోనే బోలెడుమంది ఉంటారు. చుట్టాలింట్లో ఉండటం మన లెక్కలో ఇల్లు లేకపోవడం కాదు. ఇండియాలో అది నిజం కూడా, ఎందుకంటే మనకు వెనక సొంత ఇల్లు ఉండేది, పండక్కి వెళ్లేవాళ్లం. ఇక్కడ ఆ నలుగురికీ వెనక ఏమీ లేదు. ఆ గేమ్ రూమ్ ఇచ్చిన అన్నయ్య మంచివాడే. కానీ రెండు నెలలకు వాళ్లింటికి అత్తగారూ మామగారూ ఇండియా నుంచి వస్తున్నారు, గది ఖాళీ చేయాలి. ఆ ఇంట్లో ఉండే హక్కు ఈ కుటుంబానికి లేదు. చట్టం చూసేది దాన్నే.

చట్టం ఏమిస్తుంది? అన్నిటికన్నా పెద్దది పాత స్కూల్లోనే కొనసాగే హక్కు. ఇల్లు పోకముందు చదివిన స్కూల్‌లో గానీ, చివరిగా చేరి ఉన్న స్కూల్‌లో గానీ కొనసాగవచ్చు. ఇల్లు లేనన్నాళ్లూ కొనసాగవచ్చు. మధ్యలో ఇల్లు దొరికినా ఆ విద్యా సంవత్సరం చివరిదాకా ఉండవచ్చు. పిల్లలకు మేలు పాత స్కూల్లోనే అన్న భావనతోనే డిస్ట్రిక్ట్ మొదలుపెట్టాలి. తల్లిదండ్రులు వద్దంటే తప్ప, లేదా అది ఆ పిల్లవాడికి మంచిది కాదని తేలితే తప్ప.

పాత స్కూల్‌కి ఇరవై మైళ్లు ఎవరు తీసుకెళ్తారు? డిస్ట్రిక్టే. తల్లిదండ్రులు అడిగితే రవాణా ఏర్పాటు చేయాలి. మీరు ఇప్పుడు వేరే డిస్ట్రిక్ట్‌లో ఉంటే రెండు డిస్ట్రిక్ట్‌లూ మాట్లాడుకోవాలి, ఒప్పందం కుదరకపోతే ఖర్చు చెరి సగం భరించాలి. స్కూల్ బస్సు కావచ్చు, వ్యాన్ కావచ్చు, కొన్నిచోట్ల గ్యాస్ కార్డు ఇస్తారు. "అడిగితే" అన్నాను, గుర్తు పెట్టుకోండి. అడగనివాళ్లకు చాలాచోట్ల ఎవరూ చెప్పరు. చెప్పాల్సిన బాధ్యత వాళ్లదే అయినా సరే.

టెక్సాస్ తల్లిదండ్రులకు స్కూల్ మారకపోవడం ఎంత ముఖ్యమో నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. 1997 నుంచి ఇక్కడ క్లాస్ ర్యాంక్‌లో పై పది శాతంలో ఉన్నవాళ్లకు స్టేట్ యూనివర్సిటీల్లో నేరుగా అడ్మిషన్ ఇచ్చే చట్టం ఉంది, ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌లో మాత్రం ఆ శాతం ఇంకా తక్కువ. పదకొండో క్లాసు మధ్యలో స్కూల్ మారిన పిల్ల తన ర్యాంక్‌ను కొత్తచోట మొదటి నుంచి కట్టుకోవాలి. తీసుకున్న ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి) కోర్సు అక్కడ ఉండకపోవచ్చు. అందుకే 2015 సవరణలో ఇంకొకటి చేర్చారు. తప్పనిసరై స్కూల్ మారితే, పాత స్కూల్లో సగం చేసిన కోర్సుకు కూడా ఆ మేరకు క్రెడిట్ వచ్చేలా అడ్డంకులు తీసేయాలి.

ఒకవేళ మీరే కొత్త స్కూల్ కావాలనుకుంటే వెంటనే చేర్చుకోవాలి. లీజ్ లేకపోయినా, బర్త్ సర్టిఫికెట్ లేకపోయినా, టీకాల రికార్డు ఇండియాలో ఉండిపోయినా, చివరి తేదీ దాటిపోయినా, పాత స్కూల్లో లైబ్రరీ ఫైన్ బాకీ ఉన్నా సరే. చేర్చుకోవడమంటే రిజిస్టర్‌లో పేరు రాసుకుని "కాగితాలు తెచ్చాక రండి" అని పంపేయడం కాదు, క్లాసులో కూర్చోబెట్టడం. కాగితాలు తెప్పించడం, టీకాలు వేయించడం తరవాతి పని, అందులో స్కూలే సాయం చేయాలి. మధ్యాహ్నం భోజనం ఉచితం, ఆదాయం వివరాలతో అప్లికేషన్ పెట్టనక్కర్లేదు.

ఈ పనులన్నీ చూడటానికి ప్రతి డిస్ట్రిక్ట్‌లో ఒక అధికారి ఉండి తీరాలి. లియేజాన్ అంటారు. నిధులు వచ్చినా రాకపోయినా ఉండాలి. నిధుల సంగతి నాకు బాధ కలిగించే విషయం. ఈ పిల్లల చదువు కోసం 2023లో ఫెడరల్ ప్రభుత్వం కేటాయించింది 12.9 కోట్ల డాలర్లు. 13.7 లక్షల మందికి పంచితే తలకు వంద డాలర్లు కూడా రాదు. ఒక వ్యాన్ ఒక పిల్లవాణ్ని ఎన్ని రోజులు తిప్పగలదు ఆ డబ్బుతో? చాలా డిస్ట్రిక్ట్‌లకు అందులో ఒక్క డాలరూ అందదు, బాధ్యత మాత్రం అందరికీ సమానం. లియేజాన్లలో ఎక్కువమంది ఇంకో రెండు మూడు ఉద్యోగాల మధ్య ఈ పని చేస్తున్నారు. అందుకే మీరు వాళ్లను వెతుక్కుంటూ వెళ్లాలి అంటున్నాను. వాళ్లకు మనసు లేక కాదు, మీరు కనబడక.

హూస్టన్ వైపు నుంచి వచ్చినవాళ్లకు 2017 గుర్తుంటుంది. హార్వీ తుఫానుకి నడుముల్లోతు నీళ్లలో ఇళ్లు వదిలి వచ్చినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఆ విద్యా సంవత్సరం టెక్సాస్‌లో ఈ చట్టం కింద గుర్తించిన పిల్లల సంఖ్య రెట్టింపు దాటింది. సొంత ఇళ్లు ఉన్నవాళ్లు, మంచి జీతాలు ఉన్నవాళ్లు కూడా కొన్ని నెలలు ఈ లెక్కలోకి వచ్చారు. అప్పుడు ఎవరూ సిగ్గుపడలేదు, వాన కదా కారణం. లేఆఫ్‌కి మాత్రం ఎందుకు సిగ్గుపడాలి?

ఇంకొక విషయం చెప్పాలి. భర్త కొడుతుంటే పిల్లల్ని తీసుకుని రాత్రికి రాత్రి బయటికొచ్చిన అమ్మాయిలు మనలో ఉన్నారు. భర్త వీసా మీద ఆధారపడిన హెచ్‌4 వీసా మీద ఉన్నారు, బ్యాంకు ఖాతా అతని పేరు మీద, లీజ్ అతని పేరు మీద. స్నేహితురాలి ఇంట్లోనో షెల్టర్‌లోనో ఉంటారు. "స్కూల్‌కి చెబితే అతనికి తెలిసిపోతుంది" అన్న భయంతో పిల్లల్ని స్కూల్ మాన్పించేస్తారు. పిల్లలకు ఆ సమయంలో మిగిలిన ఒకే ఒక్క మామూలు చోటు ఆ క్లాస్‌రూమ్. తెలిసిన టీచరు, తెలిసిన నేస్తాలు. దాన్ని కూడా లాగేసుకోవద్దు. పిల్లలు ఎక్కడ ఉంటున్నారన్న వివరం రహస్యంగా ఉంచాల్సిన విద్యా రికార్డు, బయటివాళ్లకు ఇవ్వకూడదు. కానీ ఒక్క జాగ్రత్త చెబుతాను, తేలిగ్గా తీసుకోకండి. కోర్టు ఉత్తర్వు లేనంతవరకు తండ్రికి కూడా పిల్లల రికార్డులు చూసే హక్కు ఉంటుంది. అందుకని లియేజాన్‌ని ముందుగా కలవండి, ఇంటి అడ్రస్ రాసేముందే ప్రమాదం ఉందని చెప్పండి, అతను దగ్గరకి రాకుండా కోర్టు ఇచ్చే ప్రొటెక్టివ్ ఆర్డర్ కోసం లాయర్‌ను చూడండి. పాత స్కూల్ అతనికి తెలుసు కాబట్టి అక్కడ ఉండటమే ప్రమాదమైతే, కొత్త స్కూల్లో వెంటనే చేరడం కూడా ఇదే చట్టం ఇచ్చిన హక్కు. హూస్టన్‌లో దయ, న్యూజెర్సీలో మానవి లాంటి దక్షిణాసియా మహిళల సంస్థలు ఉన్నాయి. మన ఇళ్ల సంగతి వాళ్లకు మొదటి నుంచి వివరించనక్కర్లేదు.

వీసా భయం గురించి కూడా చెప్పాలి. స్కూల్ వాళ్లు ఇమ్మిగ్రేషన్ వివరాలు అడగరు, అడగకూడదు. ఈ సూత్రానికి పునాది పడింది మన టెక్సాస్‌లోనే. టైలర్ అనే ఊళ్లో కాగితాలు లేని పిల్లల దగ్గర సంవత్సరానికి వెయ్యి డాలర్లు వసూలు చేయబోతే ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఏ స్టేటస్‌లో ఉన్నా ఆ పిల్లలకు పబ్లిక్ స్కూల్ చదువు నిరాకరించకూడదని 1982లో తీర్పు వచ్చింది. మెకిన్నీ-వెంటో హక్కులు కూడా వీసాను బట్టి మారవు.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: మేడమ్, మా తమ్ముడి కుటుంబం ఆరు నెలలుగా మా ఇంట్లోనే ఉంది. వాళ్ల కొత్త ఇల్లు కడుతున్నారు. వాళ్లకు ఇది వర్తిస్తుందా?

వర్తించదన్నయ్యగారూ. డబ్బు మిగుల్చుకోవడానికో, కొత్త ఇంటి కోసం ఎదురుచూస్తూనో ఇష్టపడి కలిసి ఉంటే అది వేరు. అలాగే కలిసి ఉండాలని నిర్ణయించుకున్న ఉమ్మడి కుటుంబం కూడా దీని కిందికి రాదు. ఇల్లు పోయి, వేరే దిక్కులేక వచ్చారా అన్నది చూస్తారు. ప్రతి కుటుంబం పరిస్థితీ విడిగా చూసి తేలుస్తారు. కాబట్టి మీకు మీరే "మాకు రాదులే" అని తీర్పు చెప్పుకోకండి, అడగండి.

ప్రశ్న: ఇల్లు లేదని చెబితే సీపీఎస్, అంటే పిల్లల రక్షణ శాఖ వాళ్లు వచ్చి పిల్లల్ని తీసుకుపోతారని అంటున్నారు, నిజమేనా అక్కా?

ఈ భయం నాకు ప్రతివారం వినిపిస్తుంది. చూడమ్మా, పిల్లలను హింసిస్తున్నారని అనుమానం వస్తే టీచర్లు రిపోర్ట్ చేయాల్సిందే, అది వేరే చట్టం. కానీ డబ్బు లేక ఇల్లు లేకపోవడం ఒక్కటే టెక్సాస్ చట్టంలో నిర్లక్ష్యం కిందికి రాదు, ఇవ్వజూపిన సాయాన్ని కాదంటే తప్ప. నువ్వు లియేజాన్ దగ్గరకి వెళ్లడమంటే సాయం అడగడమే కదా. స్కూల్ వాళ్లు మీకు ఆశ్రయమిచ్చిన వాళ్ల ఇంటి యజమానికి ఫోన్ చేసి విచారించడం కూడా కూడదు.

ప్రశ్న: పన్నెండో క్లాసు అబ్బాయి ఇంట్లో గొడవపడి బయటికొచ్చేసి ఫ్రెండ్ ఇంట్లో సోఫా మీద పడుకుంటున్నాడు. తల్లిదండ్రులు సంతకం పెట్టనంటున్నారు.

తల్లిదండ్రుల దగ్గర లేకుండా, ఉండటానికి స్థిరమైన చోటు లేకుండా ఉన్న పిల్లలకు ఈ హక్కులన్నీ సొంతంగా ఉంటాయి. పెద్దవాళ్ల సంతకం లేదని స్కూల్ ఆపకూడదు, వాళ్ల తరఫున లియేజాన్ నిలబడాలి. కాలేజీ ప్రవేశానికి రాసే ఎస్ఏటీ పరీక్ష ఫీజు మాఫీ అవుతుంది. ఆ అబ్బాయి సిటిజన్ గానీ గ్రీన్‌కార్డు ఉన్నవాడు గానీ అయితే, తల్లిదండ్రుల ఆదాయం చూపకుండానే ఎఫ్ఏఎఫ్ఎస్ఏ, అంటే కాలేజీకి ఫెడరల్ ఆర్థిక సాయం అడిగే ఫారం, నింపవచ్చు. దానికి లియేజాన్ ఇచ్చే ధ్రువీకరణ పనికొస్తుంది. హెచ్‌4 మీద ఉంటే ఫెడరల్ ఎయిడ్ రాదు, అది నేను దాచను. అప్పుడు కాలేజీల సొంత స్కాలర్‌షిప్‌లు వెతకాలి. ముందు ఆ అబ్బాయి స్కూల్ మానకుండా చూడండి. ఎవరి ఇంట్లో ఉంటున్నాడో ఆ తల్లిని నాతో మాట్లాడమనండి.

ప్రశ్న: స్కూల్‌లో ఎవరిని అడగాలి? మేం అడిగితే ఫ్రంట్ ఆఫీసులో ఆవిడ అలాంటిదేమీ లేదంది.

ఆవిడకు తెలియకపోయి ఉండవచ్చు. స్కూల్లో కాదు, డిస్ట్రిక్ట్ ఆఫీసుకి ఫోన్ చేసి "మెకిన్నీ-వెంటో లియేజాన్ కావాలి" అని ఆ పేరుతోనే అడగండి. డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో కూడా ఉంటుంది. ఇక్కడ చాలా డిస్ట్రిక్ట్‌లు అడ్మిషన్ కాగితాలతో పాటు స్టూడెంట్ రెసిడెన్సీ ప్రశ్నావళి అని ఒక పేజీ ఇస్తాయి. "సొంత ఇల్లు లేదా అద్దె ఇల్లు" అన్న గడిలో అలవాటుగా టిక్కు పెట్టేయకండి. కింద "ఇతరుల ఇంట్లో" అన్నది ఉంటుంది, అది చదవండి. కుదరదని చెబితే ఎందుకు కుదరదో మీకు అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి, ఇచ్చి తీరాలి. మీరు అప్పీలు చేసుకోవచ్చు. ఆ అప్పీలు తేలేదాకా పిల్లవాడు మీరు కోరిన స్కూల్లోనే చదువుతుంటాడు, బస్సు కూడా వస్తుంటుంది. అక్కడా పని జరగకపోతే రాష్ట్ర విద్యాశాఖలో ఈ చట్టం కోసమే ఒక కోఆర్డినేటర్ ఉంటారు, వాళ్లకి రాయండి. రాయడం ఇబ్బందైతే నేను బయట టేబుల్ దగ్గర ఉంటాను, ఇద్దరం కలిసి రాద్దాం. మీ పేరు ఎవరికీ చెప్పను.